ఖాళీ గాడి

డొక్కమ్ దాటాక, సముద్రపు కట్టకి ఇవతల
వొబ్బె పాకలో ఇప్పుడు గొడ్లు లేవు.
మనిషంత ఎత్తు బీరువా ఒకటి ఉంది,
నుదుటి మీద ఊదారంగు మీటల వరస.
మూతపడిన పాలపొడి ఫ్యాక్టరీ నుంచి
తుక్కు ధరకి కొని తన లారీలోనే తెచ్చాడు.

పక్కన డిస్క్ డ్రైవ్. మూత ఎత్తితే
పెద్ద పళ్లెమంత గోధుమరంగు పలక.
అందులో పదకొండు వందల ఆవులున్నాయంటాడు వొబ్బె:
ఏ ఆవు, ఏ పూట, ఎన్ని లీటర్లు, ఎంత వెన్న.
"ఉన్నాయో, తుప్పు మేశాయో" అంటుంది యిల్దౌ.
ఓడల రేవులో వెల్డరు, ఇరవై మూడేళ్ళది.
ఈ యంత్రం వాళ్ళమ్మ కంటే ఏడాది పెద్దది.

ముందు కంట్రోలరుకి ఇంటి నంబరు పెట్టాలి.
చీమతలంత మీటలు, సూదిమొనతో జరిపాం:
ఏడు ఏడు నాలుగు, నాలుగు సున్నా సున్నా.
ఈ లెక్కలో ఎనిమిది పుట్టలేదు, తొమ్మిది ఊసే లేదు,
ఏడు తర్వాత సరాసరి పది.
యిల్దౌ బొటనవేళ్ళు రెండూ మడిచేసి
మిగిలిన వాటితో మళ్ళీ లెక్కపెట్టుకుంది.

కరెంటు ఇచ్చాం. ఫ్యాన్లు ఊళపెట్టాయి.
పలక తిరిగి తిరిగి ఈలకి వచ్చింది,
సిద్ధమంటూ దీపం వెలిగింది.
డీ, ఎల్ అని కొట్టాను.
ఏమీ లేదు.
పాక రేకుల మీద గాలి, అంతే.

మూడు శనివారాలు.
కేబుళ్ళు మార్చాం. బంగారు పళ్ళని
పెన్సిలు రబ్బరుతో తోమాం.
"ఉబెలె బతికుంటేనా" అన్నాడు వొబ్బె.
బతికుంటే ముగ్గుర్నీ బయటికి పొమ్మనేవాడు.
నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నదాన్ని, నాకు తెలుసు.

నాలుగో శనివారం ఆయన నోటుపుస్తకంలో
కాఫీ మరక కింద దొరికింది ఒక్క వాక్యం:
'నాలుగో గాడి. టేపు కోసం తీగ తీశాను.'
ఆ టేపు కార్డు ఎప్పుడో బ్రెమెన్‌లో ఎవరికో అమ్ముడుపోయింది.
తీగని తిరిగి కట్టాలని ఎవరికీ తోచలేదు.

యిల్దౌకి చెప్పాను:
జ్ఞాపకంలోకి రానిమ్మని డిస్కు అడిగితే
ఆ అడగడం అందరికీ వినబడుతుంది, ఒకే తీగ.
సరే రమ్మనే జవాబు మాత్రం
గాడి గాడికీ చేతులు మారుతూ రావాలి,
మంటల దగ్గర బకెట్లు అందించుకున్నట్టు.
నాలుగో చోట మనిషి లేడు.
బకెట్టు అక్కడే ఆగిపోయింది, ఇన్నేళ్ళూ.

వెల్లకిలా పడుకుని బీరువా వెనక్కి దూరింది.
బొటనవేలంత తీగ, రెండు మేకులు,
టార్చి పళ్ళ మధ్య.
"ఎన్ని చుట్లు?"
"ఏడు."
"ఎనిమిదోది ఎలాగూ లేదుగా" అంది లోపల్నించి.

డీ, ఎల్.
డ్రైవ్ లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు.
టెలిటైపు కాగితం ఒక గెంతు గెంతి
తన పేరు కొట్టుకుంది, ఒక అంకె,
కింద వరసలో ఒక చుక్క.
"అంతేనా?" అంది యిల్దౌ.
అంతే. ఇక మనం అడగాలి.

అడిగాం. కాగితం నేలదాకా జారింది.
హైల్కే, బొంట్యె, రెండో బొంట్యె,
నాలుగు పాయింట్ మూడు, నాలుగు పాయింట్ ఒకటి.
ఫిబ్రవరి తొమ్మిది ఉదయం మాత్రం
ఒక దారిలోని నలభై కొట్టాలకీ
సున్నా, సున్నా, సున్నా.

"డిస్కు పాడైంది అక్కడ" అన్నాను.
వొబ్బె కళ్ళద్దాలు తీశాడు.
"పాడవలేదు. లారీ కాలవలో పడింది ఆ పూట.
మంచు అని చెప్పాను అందరికీ.
మంచు లేదు."

పలక ఈల వేస్తూనే ఉంది.
యిల్దౌ కాగితం చింపలేదు,
పేజీ తిప్పమని నన్నూ అడగలేదు.