తాళంచెవి

నుగ్జార్ మెడలో రెండు వేలాడతాయి.
ఒకటి అమ్మమ్మ ఇచ్చిన వెండి సిలువ,
రెండోది బొటనవేలంత డాంగిల్.
స్నానానికి వెళ్తూ సిలువని మేకుకి తగిలిస్తాడు.
దీన్ని మాత్రం సబ్బుపెట్టెలో పెట్టుకుని
లోపలికే తీసుకుపోతాడు.

టిబిలిసీలో, సొలొలాకి మెట్ల కింద
అతని స్టూడియో ఒకప్పుడు వైన్ జాడీల గది.
గోడల్లో ఇంకా పులుపు వాసన.
రెండువేల ఆరులో తెల్ల జిగులీ కారు అమ్మి
సాఫ్ట్‌వేర్ కొన్నాడు.
అట్టపెట్టెలో వచ్చినవి: దిండంత పుస్తకం, ఒక డిస్కు,
యూఎస్‌బీలో గుచ్చితే వెలిగే ఈ పచ్చ మిణుగురు.
కారేదని భార్య అడిగితే
గుప్పిట విప్పి చూపించాడు.
రెండు రోజులు ఆవిడ మాట్లాడలేదు.
మూడోరోజు సంచీ తీసుకుని
నడిచే బజారుకి వెళ్లింది.

తాళానికి చెవి ఉంటుందని
ఎవరు కనిపెట్టారో గాని
ఈ చెవి నిజంగా వింటుంది.
ఇది వింటేనే అతని పాట పలుకుతుంది.

అసిస్టెంటు తెక్లేకి ఇరవై నాలుగు.
మెడ బోసి, జేబు ఖాళీ.
నెలనెలా అద్దె కడుతుంది, పాస్‌వర్డ్ కొడుతుంది,
ఏ కంప్యూటరైనా పక్కకి జరిగి చోటిస్తుంది.
"ఆ గొలుసుకి మీరు కుక్కా, అది కుక్కా?"
"నీది అద్దె కొంప. ఓనరుకి తిక్క రేగితే
నీ సామాను వీధిలో ఉంటుంది."
"మీది సొంతిల్లే. చెవి మురిక్కాలవలో పడితే?"
నుగ్జార్ జవాబు చెప్పడు.
చొక్కా మీంచి ఒకసారి తడుముకుంటాడు.

జనవరిలో స్వానేతి కొండలకి వెళ్లారు,
దారెజాన్ కోసం. ఎనభై ఆరేళ్లు.
ఆ లోయలో కింది శ్రుతి పట్టే గొంతు
ఇక ఆవిడదొక్కటే.
ముందురోజు మంచు టవర్ని పడగొట్టింది.
తెక్లే తెర మీద మర్యాదగా ఒక వాక్యం:
మీ లైసెన్స్ సరిచూడాలి, ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవండి.
ఆమె ఇంటి కప్పెక్కి ఫోను పైకెత్తి పట్టుకుంది.
ఆకాశం ఒక్క గీత కూడా పెట్టలేదు.
నుగ్జార్ ముసలి లాప్‌టాప్‌లో
పచ్చ మిణుగురు వెలిగింది.
గెలిచినవాడు ఒక ముక్క దెప్పొచ్చు కదా,
అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని
మైకు ఎత్తు సరిచేస్తున్నాడు.

"ఏంటా పురుగు?" దారెజాన్ అడిగింది.
"ఇది ఒప్పుకుంటేనమ్మా మీ పాట ఎక్కేది."
"ఈ పాట నేర్పడానికి మా అత్త పెట్టిన షరతు ఒకటే,
పొయ్యి మీద పాలు పొంగనివ్వొద్దని.
రెండుసార్లు పొంగాయి" అంది,
కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.

తిరుగు దారిలో వ్యాను.
ఒళ్లో లాప్‌టాప్, చెవుల్లో దారెజాన్.
మలుపులో ఆవులు. బ్రేకు.
ముందుసీటు వీపుకి తగిలి
డాంగిల్ మెడ విరిగింది.
అతని మైకులు వేటికీ అందనంత చిన్న చప్పుడు.

కంపెనీ జవాబు పదకొండు రోజులకి వచ్చింది.
ఆ పరికరం తయారీ ఆపేశాం.
కొత్త పద్ధతికి మారితే నలభై శాతం తగ్గింపు.
కింద చేతులు కలుపుతున్న బొమ్మ.
పందొమ్మిదేళ్ల మిక్సులు
చెవి తెగిన తాళం వెనక ఉండిపోయాయి.

దారెజాన్ ముడి గొంతు మాత్రం
వేరే ఫోల్డర్లో, ఏ కాపలా లేకుండా ఉంది.
తెక్లే దాన్ని తన దాంట్లోకి లాగింది.
ఏమీ అనలేదు. స్టూలు పక్కకి జరిపింది.
"మీకూ ఒక అకౌంట్ తెరుస్తున్నా.
పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు?"

నుగ్జార్ చాలాసేపు గోడ చూశాడు.
తర్వాత ఒక్కో అక్షరం, ఒక్కో అంకె
ఆగి ఆగి చెప్పాడు,
తెల్ల జిగులీ నంబరు.