ప్రాంప్ట్ పుస్తకం చివరి పేజీ

థియా,
తాళంచెవి లాహ్టీ గారి దగ్గరుంటుంది.
అడిగితే ఇవ్వరు.
వెనక గుమ్మం ముందు మంచు ఓ పావుగంట పారతో ఎత్తు,
ఆయనే జేబులోంచి తీస్తారు.

దీపాల బోర్డులో పదకొండో మీట
పైకి పోతుంది గాని కిందికి రాదు.
కొత్తది కొంటామంటూనే ఉన్నారు బడివాళ్ళు,
నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పట్నించీ.
దాని సందులో విరిగిన ఐస్‌క్రీమ్ పుల్ల ఒకటుంది, పారెయ్యకు.
మన సూర్యోదయం దాని మీదే ఆనుకుని ఉంది.

పెన్సిలే వాడు.
ప్రూయిట్ టీచర్ మనసు రోజుకి మూడుసార్లు మారుతుంది,
సోమవారాలు నాలుగు.

చీకట్లో మెరిసే టేపు మెట్ల అంచులకి, బల్ల కాళ్ళకి.
గోరంత ముక్క చాలు.
ఆ చుట్ట కొనడానికి కేకులమ్మాం,
సగం కేకులు మేమే తిన్నాం.

ముడులు మా నాన్న నేర్పాడు.
ఇనుప ఖనిజం మోసే ఓడ మీద ఇరవై రెండేళ్ళు.
సుపీరియర్ సరస్సు గడ్డకట్టాక ఇంట్లో కూర్చుంటాడు,
చేతులు మాత్రం కూర్చోవు.
ఓ శనివారం వచ్చి తెర తాళ్ళన్నీ విప్పి
మళ్ళీ కట్టాడు, ఈల వేసుకుంటూ.
ఇక్కడ ఈల వెయ్యకూడదు నాన్నా, అన్నాను.
పూర్వం నాటకాల్లో తాళ్ళు లాగింది ఓడ పనివాళ్ళేనట,
ఈలే వాళ్ళకి సైగట,
పొరపాటున ఎవరైనా ఈల వేస్తే
ఎవరి నెత్తినో గోడ దిగేదట.
నాన్న పడీ పడీ నవ్వాడు.
ఆ రోజు నుంచి ఇంట్లో కూడా ఈల మానేశాడు.
చెప్పకుండా ఉండాల్సింది.

హెడ్‌సెట్‌లో 'గో' అన్న మాట ఊరికే అనకు.
మంచినీళ్ళడిగేటప్పుడు కూడా ఆ అక్షరం మింగెయ్.
ఇంటికెప్పుడు గో, అన్నాను ఎజ్రాతో ఓసారి.
రెండో అంకంలో రావాల్సిన తుఫాను
మొదటి అంకం పెళ్ళివిందు మీద విరుచుకుపడింది.
పెళ్ళికొడుకు గొడుగు అడిగాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఇక నలభై ఏడో సంకేతం.
దీని గురించే అసలు రాద్దామని కూర్చున్నాను.

'పడవ' అని కోల్బీ అంటాడు,
నేను గో అంటాను,
దీపస్తంభం తిరగడం మొదలవుతుంది. అంతే.
రెండో రోజు రాత్రి వాడు ఆ మాట అనలేదు.
నోరు తెరిచి నిలబడ్డాడు.
చేతిలో గడియారం. నాలుగు సెకన్లు. ఏడు.
చెవిలో ఎజ్రా ఊపిరి.
మాట అందించడం నా పని.
నాలుక చివరనే ఉంది, రెండక్షరాలు కావు, మూడు.
అందించలేదు.

వాడి చూపు వెంట చూశాను.
వెనక తలుపు దగ్గర వాళ్ళమ్మ,
పెట్రోలు బంకు చొక్కాలోనే, టోపీ కూడా తియ్యలేదు,
కూర్చోవాలా వద్దా అన్నట్టు నిలబడి ఉంది.
కుర్చీ దొరికింది. కూర్చుంది.

పడవ, అన్నాడు కోల్బీ.
గో.

మర్నాటి నివేదికలో ఇలా రాశాను:
నలభై ఏడు, ఇరవై రెండు సెకన్లు ఆలస్యం.
కారణం అన్న గడి ఖాళీగా వదిలేశాను.
టీచర్ అడగలేదు.
ఎప్పుడు మాట అందించాలో
ఈ పుస్తకంలో ప్రతి పేజీలోనూ రాసి ఉంది,
ఎప్పుడు అందించకూడదో వెతికితే దొరకదు. నేనూ రాయలేను.

పోయేటప్పుడు రంగస్థలం నడుమ
ఒంటి బల్బు వెలిగించి పో.
దయ్యాల కోసం అంటారు.
లాహ్టీ గారు రాత్రి తుడవడానికొస్తారు,
మోకాలు బాగాలేదు, ముందు గుంట ఉంది.

పెన్సిలు కనబడకపోతే
నీ చెవి మీద చూసుకో.

                                    – బ్రిటా