పన్నెండు లోడ్ల నేల

క్వారీ గుంతలో మూడుముక్కలాట ఆడతాంటే
కానిస్టేబుల్ నరసోజి పట్టుకున్యాడు మమ్మల్ని నలుగుర్ని.
పరిచిన తువ్వాల మీద రెండువందల నలభై రూపాయలు,
సగం కొరికిన వక్కపలుకు, ఒక ఇస్పేటు రాజు.
అన్నీ పంచనామాలో రాసుకున్యాడు,
వక్కపలుకు తప్ప.

ఆ వారమే వచ్చింది ఎర్రగుంట్లకు ఆర్డరు.
సముద్రం ఒడ్డున క్యాసినో అంట,
పన్నెండు వందల గదులంట,
ఆట హాలొక్కటే నాలుగెకరాల జొన్నచేనంతంట.
నేలకంతా మన నల్ల నాపరాయే కావాలంట,
అద్దం మాదిరి కాదు, తోలు మాదిరి తగలాలంట కాలికి.
ఖాసింపీరా నక్షా విప్పి బండ మీద పరిచి
గాలికి లేయకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టినాడు.
కాగితం మీద సముద్రం లేత నీలం.
దానికి లోతు రాయలేదు.

"వాళ్లకు అప్పెవరిస్తాండారు?" అని అడిగినా.
"బ్యాంకులు, నాలుగైదు కలిసి.
ఇంగా కట్టని గదుల బాడిగ చూపించి తెచ్చినారంట."
"మనం రాని వానను చూపించి
సెనక్కాయ విత్తనాలకు తెచ్చినట్లా?" అన్యా.
ఖాసింపీరా నవ్వలేదు.
ఆ ఆర్డరు కాగితం చూపించే ఆయప్ప కూడా తెచ్చినాడు
కొత్త కట్టరుకు పద్దెనిమిది లక్షలు.
ఆయప్పను చూపించి నేను అడ్వాన్సు తీసుకుంటి,
నన్ను చూపించి నా పెండ్లాం
చీటీల సుంకమ్మ దగ్గర కుట్టుమిషనుకు.
ఒకరి భుజాలమీద ఒకరం ఎక్కి నిలబడినాం,
అట్టడుగున ఎవరుండారో
వంగి చూసినోడు లేడు.

ఎండాకాలమంతా కోసినాం.
రంపం కింద నీళ్లు, నీళ్ల కింద రాయి,
మోకాళ్ల దాకా బూడిద రంగు బురద.
పొర విప్పితే కొన్నిట్లో అలల గీతలు,
నీళ్లు వెనక్కి పోయినాక ఇసకలో మిగిలేటివి.
సర్వే పనికొచ్చిన పిల్లోడు చెప్పినాడు,
ఎన్నో కోట్ల ఏండ్ల కిందట ఈడ సముద్రమే ఉన్నిందని.
లచ్చుమక్క చీపురు ఆపి వినింది.
"ఉన్నింటే ఉన్నింటుంది లేప్పా,
ఈడ నిలిచిందేముంది" అని మళ్ల ఊడ్చుకుంది.
గీతలున్న బండలన్నీ రిజెక్టు అన్యాడు వాళ్ల ఇంజనీరు.
సముద్రానికి పోయే రాతిలో
సముద్రం కనపడకూడదు.

నేను సుద్దతో నంబర్లేసినా.
ఎ వరస పేకబల్లల కింద, బి వరస చక్రం తిరిగే చోట,
సి వరస డబ్బు మార్చుకునే కిటికీ ముందర.
గెలిచినోడు నిలబడే బండేదో
ఓడినోడు నిలబడేదేదో నక్షాలో లేదు.
అన్నీ రెండడుగుల చదరాలే.

మూడు లోడ్లు దిగినాయి.
నాలుగోదాని డ్రైవరు ఫోను చేసినాడు.
గేటుకు తాళమంట,
క్రేను ఎత్తిన చెయ్యి ఎత్తినట్లే ఉందంట,
వాచ్‌మన్ బీడీకి వీణ్ణే దుడ్లడిగినాడంట.
ఆట మధ్యలో ముక్కలు బోర్లించి
బ్యాంకులు లేచి పోయినాయంట.
మేమట్ల లేస్తే తంతారు.

తిరిగొచ్చిందాంతో కలిపి పన్నెండు లోడ్లు
షెడ్డు వెనకాల వరసగా నిలబెట్టినాం.
కిస్తీ మాత్రం తేదీ తప్పకుండా వస్తాంది.
కట్టరు మీద గోనెపట్ట కప్పి
దాని పక్కనే మంచమేసుకుంటాడు ఖాసింపీరా,
రోగిష్టి మనిషికి తోడు పండుకున్నట్ల.
చక్రం కోసమని గుండ్రంగా కోసిన బండను
లచ్చుమక్క దొర్లించుకుంటా పోయింది.
ఇప్పుడు దాని మీద మిరపకాయలు ఎండతాండాయి.

మొన్న నరసోజి వచ్చినాడు, యూనిఫారం లేకుండా.
ఇల్లు కట్టుకుంటాండాడంట, నడిమింటికి బండలు కావాలంట.
అడుగు ఇరవైరెండన్యా. పదైదు కాడ నిలబడినాడు.
ఎ వరస చూపించినా. తడిగుడ్డతో తుడిస్తే
సుద్ద పాయ, నలుపు లేచొచ్చ.
చెప్పులిడిసి ఎక్కి, మడమ తిప్పి చూసుకుని
"చల్లగుందిరా" అన్యాడు.
అది పేకబల్ల కింద పడాల్సిన బండ,
ఎ-నూటపద్నాలుగు.
నేనేం చెప్పలేదు.
లెక్క రాసి, కాగితం చించే ముందు
అడుగున ఇంకో వరస చేర్చినా,
పాత బాకీ, రెండువందల నలభై.