కాంట నిలబడే దాక

నాలుగు కోర్ల పాత డబ్బా నాది.
ఏనుమాముల మార్కెట్ గేటు ముందట, జిరాక్స్ షాపు మీద అర్ర.
కిటికీ తెరిస్తే మిరప ఘాటు,
మూస్తే ప్రాసెసర్‌కు ఉక్క.
ఒకనాడు ఫ్యాన్ ఊడదీసి చూసిన:
రెక్కల సందుల ఎర్రటి దుమ్ము, తేజ రకం.
కాక ఎక్కువైతే అదే నెమ్మదయితది,
మిట్టమధ్యాహ్నం హమాలీ అడుగు లెక్క.

కాంటలకెక్కే లైనక్స్ మొత్తం ఈడనే వండాలె.
బిల్డ్‌కు నలభై ఒక్క నిమిషం.
హెడర్ ఫైల్ల ఒక్క అంకె మార్చినా నలభై ఒకటి.
ఆశకు పోయి మైనస్ జె పక్కన ఎనిమిది కొట్టిన.
ఎనిమిది పనులు నాలుగు జీబీల ఇరుక్కొని
డిస్కు గరగర,
మౌస్ బాణం కదల్లే,
గంట దాటింది.
మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన.
మూడుకు దించిన.

సదానందం సేటు ఫోన్:
"ఎప్పుడమ్మా, సీజన్ నెత్తి మీదికొచ్చె."
"అయితున్నది" అన్న.
అబద్ధం కాదు. తెర మీద అరవై రెండు శాతం.

హన్మకొండ చౌరస్తాల అష్వాఖ్ దగ్గర
పదహారు కోర్లది కిరాయికి తెచ్చిన, ఆటోల ఒళ్లె పెట్టుకొని.
నలభై ఒకటి పదిహేడయ్యింది.
కోర్లు నాలుగింతలాయె, పదికెందుకు రాలేదని
కూసుండి చూసిన.
ఆఖరి ఆరు నిమిషాలు
పదిహేను చేతులు కట్టుకొని నిలబడ్డయి,
లింక్ చేసేది ఒక్కటే.
కింద యార్డుల గదే కథ:
లారీ దించ పదహారు మంది,
కాంట ఒకటి.

టైమ్ చిక్కితే మనిషికి కొత్త కోరిక పుడ్తది.
ఇన్నాళ్లు ఓ జీరో మీదనే నడిపిన,
కంపైలర్ ఆలోచిస్త కూసుంటే నాకు తెల్లారుడే అని.
ఇప్పుడు ఓ త్రీ పెట్టిన.
పదిహేడు ఇరవై ఆరయ్యింది గని
కొక్కేనికి బస్తా తగిలించుడే ఆలస్యం,
అంకె టక్కున పడుతున్నది.
సేటు లడ్డూలు పంపిండు.

మూడో నాడు ఓదెలు మెట్లెక్కి వచ్చిండు.
ముప్పయ్యేండ్లు బస్తాలు మోసిన మెడ.
కూసోమంటే కూసోలే.
"బిడ్డా, బస్తా ఇంక ఊగుతనే ఉంటది,
నీ మిషన్ రాసేస్తది.
బానోతు చీన్యా ఇంటికాడ తూచుకొనే తెచ్చిండు.
బస్తాకు ముప్పావు కిలో తక్కువొస్తున్నది.
తక్కువ లేదు. నా ఈపుకు తెల్సు."

ఆ రాత్రి మిషన్ భాషలకు దిగి వెతికిన.
నేను రాసిన ఖాళీ లూప్ లేదు.
కోటి దాక ఊరికే లెక్కపెట్టే ఒక్క లైను,
కాంట నిలబడే దాక ఆగుమని పెట్టింది.
కంపైలర్ చదివింది:
ఏం కలుస్తలేదు, ఏం మారుతలేదు,
దీనితోని ఏం పని?
తీసేసింది.
తప్పు దానిది కాదు.
ఎందుకు ఆగాల్నో నేను చెప్పలే.

వోలటైల్ అని ఒక్క మాట ముందల చేర్చిన,
ముడితే ఒట్టు అన్నట్టు.
తెల్లారి అదీ కొట్టేసి సక్కగ రాసిన:
వరుసగ ఐదుసార్లు ఒకటే అంకె వస్తేనే
అది బరువు.

"పోయింది పోయింది, ముంగట చూడు" అన్నడు సేటు.
అష్వాఖ్ డబ్బా వాపస్ ఇచ్చిన, వారం నిండింది.
మూడు రోజుల చీటీలు తొమ్మిది వందల పద్నాలుగు
చాప మీద పరిచినం.
ఓదెలు అద్దాలు పెట్టుకొని పేర్లు చదువుతున్నడు,
ఊరు, బస్తాలు, ముప్పావు చొప్పున బాకీ
నేను రాస్తున్న.
పక్కన పాత డబ్బా గురక పెడుతున్నది.
ఇరవై మూడు శాతం.
కానియ్యి.
మాకింక చానా చీటీలున్నయి.