పగులు లెక్క

చీమకుర్తి గుంటల్లో నాది కొలతల పని.
పొడవు, వెడల్పు, ఎత్తు,
అందులోంచి పగుళ్లకి తీసేసేది.
రాయి నెత్తిన ఎర్రరంగుతో నంబరేసి
రిజిస్టరుకి ఎక్కిస్తాను.
పదకొండేళ్లుగా కొండల్ని ఘనపు మీటర్లు చేసి
లారీల పద్దు కింద రాసిన చెయ్యి ఇది.

పొద్దు బారెడెక్కేసరికి
మెట్టు అంచున వచ్చి కూచుంటుంది
బండతొండ.
మాఘంలో దాన్ని చూశానని చెప్పలేను,
రాయి కదిలిందనుకొని ఉంటాను.
రోహిణికి రోళ్లు పగులుతాయంటారే,
ఆ పగిలే రోజులొచ్చాక మాత్రం
వీపు మీద నిప్పు, పక్కల్లో మసి,
ఎవరో కుంపటి ఊది
అక్కడ పెట్టి మరిచిపోయినట్టు.

తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు గానీ
ఇది ముదిరి ఏమీ కాలేదు.
కాగి కాగి
తొండే అయింది.

ముందు కాళ్ల మీద లేచి, దిగి,
లేచి, దిగి,
ఎవరడిగారో ఏమో
ఔనౌనంటుంది.

క్రేను దిగి బీడీ వెలిగించుకుంటా
ఖాదర్ మస్తాను అంటాడు,
మస్కట్లో తొమ్మిదేళ్లు రోలరు నడిపినోడు:
"అక్కడి కొండల్లోనూ ఉండాదన్నా దీని అన్న.
మిట్టమధ్యాన్నం నీలంగా మారిద్ది.
ఇన్లాండు ఉత్తరం ఉంటదే, ఆ నీలం.
అది కనపడ్డ రోజు
ఇంటి కాడ్నించి ఫోనొచ్చిద్దని నమ్మేవోణ్ణి."
వచ్చేదా?
"తొండకేం తెలుసన్నా!"

డ్రిల్లు మాలకొండయ్యది ఇంకో సంగతి.
"తొండలు గుడ్లు పెట్టని నేలరా ఇది
అని మా నాయన దీన్ని అమ్మేశాడు.
ఇదిగో, నేను నిలబడ్డ చోటే.
ఇప్పుడు చూడబ్బయా,
నేను రాల్చిన దుమ్ములోనే
గుంట తవ్వి మరీ పెడతన్నాయి."
నవ్వాడో, దుమ్ముకి దగ్గాడో.

మందు పేలుస్తారు. సైరను. కొండ ఒకసారి ఊపిరి వదులుతుంది.
పది నిమిషాలకి అది మళ్లీ అదే చోట.
అదే చోటు కాదు,
రెండు బారలు వెనక్కి జరిగిన కొత్త అంచు.
దానికి తేడా ఉన్నట్టు లేదు.
నాకుంది. పాత అంచుని నేను కొలిచాను.

కొనేవాడు గొడుగు కింద నిలబడి
రాయి మీద బకెట్టుతో నీళ్లు పోయిస్తాడు.
తడిసిన నలుపులో
బంగారు రవ్వలు ఒక్కసారే కళ్లు తెరుస్తాయి.
అతను వాటిని చూడడు.
ఆరేదాకా ఆగుతాడు.
అంతా ఆరాక
ఆరని తడిగీత మిగిలితే
అదే పగులు.

నిన్న నాలుగువందల పదహారో రాయి.
నీళ్లు పోశారు, ఆరింది, గీత లేదు.
కొనేవాడు తలూపి టీకి వెళ్లాడు.
లెక్క ముగిద్దామని వంగితే
కింది అంచున, నీడ వైపు,
ఒక తోక కొస.
వేలు పెట్టాను. లోపలికి జరిగింది.
ఇంకా జరిగింది.
అంత చోటుంది లోపల.

సూపర్వైజరు నా భుజం మీంచి చూసి
"తొండేగా" అన్నాడు.
"తొండే" అన్నాను.
లక్షల సరుకు.
నా పెన్ను ఐదు రూపాయలది.

పగులు లేకుంటేనే రాయి, వీళ్లకి.
పగులు ఉంటేనే ఇల్లు, దానికి.
టేపు ఆ కొస ఒకడు, ఈ కొస ఒకటి పట్టుకుంటే
మధ్యలో అంకె చదివేవాణ్ణి నేను.

పగుళ్లు: ఒకటి, అని రాశాను.
లోతు గడి దగ్గర చాలాసేపు ఆగి
తెలియదు, అని రాశాను.
ఇన్నేళ్లలో ఆ గడిలో ఆ మాట పడడం
ఇదే మొదలు.

ఈ పొద్దున ఆ రాయి వేస్టు దిబ్బ మీద
బోర్లా పడి ఉంది,
నంబరు కిందికి, పగులు పైకి.
ఆఫీసులో నా పేర మెమో ఉందట.
దిబ్బ మీద ఇంకా ఎవరూ లేరు.
పొద్దింకా బారెడెక్కలేదు.