తాలుకాయలు ముందు వరసలో

గుంటూరు మిర్చి యార్డులో రాత్రి రెండింటికి
వేలానికి రావలసిన టిక్కీలు
కోటగోడల్లా పేర్చి ఉంటాయి.
ముక్కుకి తువ్వాలు బిగించి నేను లెక్క రాస్తుంటాను.
కాలేషా గారు కాపలా.
పాత హవల్దారు. ఎడమ చెవి వినపడదు.
కుడి చెవికి అవసరానికి మించి వినపడుతుంది.

తుమ్ములు ఆగాక
గోనెపట్టా పరిచి యుద్ధం మొదలుపెడతాడు.
"ఇయ్యి తేజ. గుర్రాలనుకో.
ఇయ్యి బాడిగ, ముడతలుపడ్డ ముసలి ఏనుగులు.
తాలుకాయలు కాల్బలం. ఎప్పుడైనా వాళ్లే ముందు."

మొదట చెయ్యి ఎంత పొడుగో
యుద్ధం అంతే పొడుగు.
ఎవడో కర్రకి ములుకు కట్టాడు,
అది రెండు బారలైంది.
పక్కవాడి డాలు చాటున నీ భుజం,
నీ డాలు చాటున ఇంకొకడి గుండె.
"వ్యూహమంటే ఏందనుకున్నావ్ అబ్బాయ్?
పారిపోదామనుకున్నోడికి సందు లేకుండా చేయటం."

ఏనుగుని నడిపించి, తనే వెనక్కి తిప్పి
సొంత వరసల్ని తొక్కిస్తాడు.
"దానికి భయమేస్తే
ఏ పక్షమో మర్చిపోద్ది."

చీకట్లో పడమటికి చెయ్యి చాపుతాడు:
అటు కొండవీడు.
ఎక్కేవాడు అలిసిపోవాలి, పైనున్నవాడు కాచుకోవాలి,
ఆ రోజులకి అదే శాస్త్రం.
దారిలో ఫిరంగిపురం.
ఆ పేరు తెల్లోడిదో తోపుదో
ఆయనా తేల్చడు.
తోపు వచ్చాక మాత్రం
లోకంలో గోడలన్నీ పొట్టివై, లావై,
నేలలోకి ఒదిగాయట.

తుపాకులకి మూడు వరసలు.
ఒకడు కాలుస్తుంటే ఒకడు మందు కూరుతుంటాడు.
మనిషిని గడియారం చేశారు.
ఆ గడియారాన్ని
మెషిన్‌గన్‌కి ఎదురు నడిపించారు.

ఇక్కడ ఆయన గుప్పెడు మిరపగింజలు తీసి
పట్టా మీదికి విసురుతాడు.
తాలుకాయలన్నీ పక్కకి ఒరుగుతాయి.
"అప్పటికీ పుస్తకంలో 'ముందుకు' అనే ఉంది.
పుస్తకం మార్చటానికి నాలుగేళ్లు పట్టింది."
పేజీకి ఎన్ని కాయలు పడ్డాయి, అన్నాను
లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి.
ఆయన పట్టా దులిపాడు.

తన యుద్ధం దగ్గరకొచ్చేసరికి
కాయలు కదలవు.
కార్గిల్ అంటాడు. మోర్టారు మోశానంటాడు.
"వాళ్లు పైన, మేం కింద.
కొండవీడు లెక్కే."
ఆ తర్వాత టీ చల్లారుతుంది.

మొన్న ఆదివారం
ప్రత్తిపాడు దగ్గర నా ఎకరంన్నర చూస్తానంటే తీసుకెళ్లాను.
పూతనిండా నల్ల తామరపురుగు.
మా బావమరిది ఇమ్మానియేలు
మందు కొట్టే డ్రోను అద్దెకు తెచ్చాడు.
గట్టుమీద గొడుగు కింద కూర్చుని
చేతిలో తెర చూసుకుంటున్నాడు.

తేనెపట్టు రేగినట్టు మోత.

కాలేషా గారు నా చొక్కా పట్టి లాగారు.
ఇద్దరం సాలులో పడ్డాం,
ముఖాలు రేగట్లో.
రాత్రి వానకి నానిన నల్లమట్టి
నోట్లోకి వచ్చింది.
ఆయన చెయ్యి నా మెడ మీద
బరువుగా, అనుభవంతో ఉంది.
బల్లెం కంటే, డాలు కంటే,
ఆయన చెప్పిన వ్యూహాలన్నిటి కంటే
ఇది ముందు పుట్టి ఉండాలి:
ఒళ్లు నేలకి అప్పగించడం.

పైనుంచి సన్నటి తుంపర.
మోత గట్టుదాకా వెళ్లి
తిరిగి మా మీదికే వస్తోంది.

ఇమ్మానియేలు తెరలోంచి తల ఎత్తకుండానే
కేక వేశాడు:
"బావా, మధ్యసాలులో రెండు చోట్ల
నల్లగా ఖాళీ కనపడతంది.
మొక్కలు చచ్చినయ్యా?"

లేద్దామనుకున్నాను.
మెడ మీద చెయ్యి ఇంకా తీయలేదు.