రోసెందో, సైటు పెట్టే ముందు

దుంపల బస్తా గుమ్మం బయటే దించు.
తలుపు మూయ్,
చిలోయే వాన నీకన్నా ముందు లోపలికొస్తోంది.

పేరు కొనేశానని రేవంతా చెప్పుకున్నావట.
పేరు ఎవరూ కొనరు, నాయనా.
ఏడాదికింతని అద్దె కడతారు.
గడువు దాటితే
సామాను బయట పడేసినవాడి మొహం కూడా కనబడదు.

నాకు తెలిసొచ్చింది ఓ ఫిబ్రవరిలో.
గుర్తుచేస్తూ నాలుగు ఉత్తరాలు వచ్చాయట,
నేను తెరవడం మానేసిన పాత మెయిలుకి.
పడవల వేళలు ఉండాల్సిన నా పేజీలో
ఓ పొద్దున్న జూదం చక్రం తిరుగుతోంది.
దెల్ఫీన్ తాత వెల్లుల్లి సంచితో రేవులో నిలబడి
చక్రం ఆగితే టైము తేలుతుందనుకుని
నొక్కుతూనే ఉన్నాడు.
"మీ పడవ నాలుగు వేల పెసోలు మింగింది, ఎదువినా,
ఇంకా రాలేదు" అన్నాడు.
కోపంగా అనలేదు. అదే నాకు గుచ్చుకుంది.

ఇక స్థలం సంగతి.
నీ దుంపల ఫోటోలు ఉండేది ఏ మబ్బులోనో కాదు.
కిటికీల్లేని గదిలో, ఫ్యాన్ల హోరులో,
ఎవరిదో కంప్యూటర్లో.
నువ్వు దాన్ని చూడవు. నేనూ చూళ్ళేదు.
దాని తాళం మాత్రం నీ జేబులో ఉండాలి,
సైటు కట్టిపెడతానన్న మీ బావమరిది జేబులో కాదు.
"అపరిమితం" అని పెద్దక్షరాల్లో రాస్తారు.
పరిమితి కింద ఓ మూల ఉంటుంది, చీమతలకాయంత.
తుఫాను రోజు దీవి దీవంతా నా పేజీ తెరిస్తే
పది నిమిషాల్లో చేతులెత్తేసింది,
అసలు కావలసిన ఆ ఒక్క రోజున.

సరే, ఇంకో కంపెనీకి మారదామనుకున్నాను.

మీ తాత ఇల్లు లాగిన రోజు నాకు తొమ్మిదేళ్ళు.
పద్దెనిమిది ఎడ్లు, కింద దుంగలు,
తాళ్ళు పట్టుకున్న ఊరు.
గోడలతో, పొయ్యితో, కిటికీ తెరలతో సహా
ఇల్లు గుట్ట దిగి నడిచింది.
అద్దాలు మాత్రం ముందే విప్పి, దుప్పట్లో చుట్టి
మీ నాయనమ్మ మోసింది, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా.
సైటు మార్చడమూ అంతే అనుకో.
నేల మారుతుంది, చిరునామా మారదు.
ఒకటి రెండు రోజులు
కొందరు పాత గుమ్మం తడతారు, కొందరు కొత్తది.
అందుకని పాతదాన్ని ఆ రాత్రే కూల్చకూడదు.

నేను కూల్చాను.
అద్దాలు విప్పుకోకుండానే.

నకలుందిగా అన్నారు కంపెనీవాళ్ళు.
ఉంది, ఆ పాత యంత్రంలోనే.
చేతులు కాలాక ఆకులంటారే,
నా ఆకులు కూడా ఆ మంటలోనే ఉన్నాయి.

చివరికి సైటు దొరికింది ఇస్మేనియా టీచరు అట్టపెట్టెలో.
ప్రతి సోమవారం నా పేజీ ప్రింటు తీసి
బడి గోడకి పిన్నుతో గుచ్చేదట,
ఫోను లేని తల్లుల కోసం.
పాతవి పారేయలేదు. మూడేళ్ళ కాగితాలు, చెమ్మ వాసన.
రెండు రాత్రులు ఆవిడ చదివింది, నేను కొట్టాను.
ఒకచోట అంకె అలుక్కుపోయింది,
ఒకటో ఏడో తేలక
రెండు వేళలకీ రేవులో నిలబడి చూశాను.
ఏడు.

నకలు ఇంట్లో ఒకటి ఉంచు, ఇంకో ఊళ్ళో ఒకటి.
నెలకోసారి తెరిచి చూడు,
తెరుచుకోని నకలు మొలకెత్తని విత్తనం దుంప,
ఆ సంగతి నీకు నేను చెప్పాలా?
గడువు తేదీ గోడ మీద రాసుకో,
దుంపలు నాటే తేదీ పక్కనే.
అంతా సవ్యంగా నడిచిన రోజున
నీకు ఒక్కడూ ఫోన్ చేయడు. అలవాటు చేసుకో.

ఏదీ, ఆ పేరు పైకి చెప్పు.

ఇంత పొడుగా?
జలసంధి అవతల ఒంటి వేలితో కొట్టే ముసలమ్మ
సగంలో నిద్రపోతుంది.
పోనీ, ఒక్క ఏడాది అద్దేగా పోయింది.
రేపు పొట్టిది వెతుకుదాం.
ముందు ఆ బస్తా లోపలికి లాగు, తడుస్తోంది.